కొర్లగుంట పెద్దమ్మ లైన్లో ఉంది

ఆ రోజుల్లో తిరుపతిలో మధ్యాహ్నం రెండు దాటాక నోరు తెరిచి మాట్లాడేది నేనొక్కణ్ణేనని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఎండకు ఊరంతా తలుపులు దగ్గరగా వేసుకుని నడుం వాల్చే వేళ అది. అంగళ్లలో బేరాలుండవు. టైలర్లు మిషన్ తొక్కుతూ, మెకానిక్కులు స్కూటర్ల పక్కన చతికిలబడి, ఆడవాళ్లు సాయంత్రం అమ్మకానికి పూలు కడుతూ ఉంటారు. చేతులకు పని, చెవులకు సెలవు. ఆ సెలవులో ఉన్న చెవుల్లో దూరి రెండు నుంచి ఐదు దాకా వాగడం నా ఉద్యోగం. ప్రైవేటు ఎఫ్.ఎం. రేడియో మా ఊరికి వచ్చిన కొత్త. నన్ను రేడియో జాకీ అనేవాళ్లు. ఆ పేరు విన్నప్పుడల్లా నా నడక కొంచెం మారేదని అప్పట్లో నా గదిలో ఉన్న స్నేహితుడు ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. మారే ఉంటుంది. టీ అంగట్లో నోరు విప్పగానే "రేడియో అన్న గదా?" అని పక్కవాడు తల తిప్పి చూస్తే, ఇరవై రెండేళ్ల వయసులో ఎవడి నడకైనా మారుతుంది.

మాది బంగారుపాళ్యం పక్కన ఒక పల్లె. మామిడితోట తప్ప మరో లోకం పట్టని మా నాయనకు ఈ ఉద్యోగం సంగతి చెప్పి ఒప్పించడానికి ఒక పూట పట్టింది. "మాట్లాడేదానికి జీతమిస్తారు నాయనా" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "సుమ్మా, ఊరికే మాట్లాడేదానికా? అట్లయితే మీ అమ్మకు ఈపాటికి బెంగుళూర్లో బంగళా ఉండాల్సింది" అన్నాడు. (వంటింట్లోంచి అమ్మ ఇచ్చిన జవాబు ఇక్కడ రాయను.) అయినా కొడుకు గొంతు రేడియోలో వినాలని ఆయనకు ఆశ. మా స్టేషన్ కూత పాకాల దాటేది కాదు. తోట వెనక గుట్ట ఎక్కి, రేడియో చెవికి ఆనించుకుని ఒక మధ్యాహ్నమంతా నిలబడి, సాయంత్రం ఫోన్ చేశాడు. "ఒరే, ఎవురో అరవంలో నగతా ఉండాడు. నువ్వేనా?" కాదన్నాను. "నువ్వైతే బాగుండు. బాగా మాట్లాడతా ఉండాడు" అన్నాడు నిరాశగా.

నిజం చెప్పాలంటే మొదట్లో నేను కూడా నాలా మాట్లాడలేదు. ఉద్యోగంలో చేరగానే హైదరాబాదు పిలిపించి శిక్షణ ఇచ్చారు. ఏ జిల్లావాడో పట్టుబడకుండా మాట్లాడటమే అసలు విద్య అని నేర్పారు. నేను శ్రద్ధగల విద్యార్థిని. 'ఉండాది' అనే మాట నాలుక చివరికి వస్తే దాన్ని మింగి 'ఉంది' అనేవాణ్ణి. ఊరికి చెవుడన్నట్టు "హలో తిరుపతీ!" అని అరిచేవాణ్ణి. అలా అరుస్తున్న ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. "ఏ పాట కావాలండీ?" అన్నాను తియ్యగా. అవతల ఒక పెద్దావిడ. "పాటొద్దు గానీ, యాడోడివబ్బా నువ్వు?" అంది. "తిరుపతే అమ్మా" అన్నాను. "కాదే. పంటినొప్పి ఉన్నోడి మాదిరి మాట్లాడతా ఉండావు. మీ ఇంట్లో గూడా ఇట్లనేనా?" ఊరంతా వింటోంది. "లేదు పెద్దమ్మా, మాది బంగారుపాళ్యం" అనేశాను. "అట్ల సెప్పు! మామిడికాయలోడివి. ఇంక ఆ సోకులిడిసి మాట్లాడు" అని పెట్టేసింది. ఆ పూట నుంచి నేను మా ఇంట్లో మాట్లాడినట్టే రేడియోలోనూ మాట్లాడాను. ఆశ్చర్యమేమిటంటే, ఫోన్లు ఎక్కువయ్యాయి.

ఆవిడే కొర్లగుంట పెద్దమ్మ. కొర్లగుంట తిరుపతిలోనే ఒక పేట. పేరేమిటో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. పూలు కట్టడం వాళ్ల ఇంటి పని. రెండు చేతులూ నారలో చిక్కుకుని ఉంటాయి కాబట్టి, నంబరు కోడలు నొక్కి ఫోను అత్త చెవికి ఆనించి పట్టుకునేది. అందుకని ప్రతి కాల్ వెనకా కోడలి గొంతు సన్నగా వినిపించేది. "అత్తా, చాల్లే, చెయ్యి నొప్పెడతా ఉండాది" అని. పెద్దమ్మ ఎన్నడూ పాట అడగలేదు. "తిన్నావా?" అని అడిగేది. వీధి కొళాయిలో నీళ్లు రాలేదని, మల్లెపూలు ఈ రోజు ముడుచుకుపోయి వచ్చాయని, మనవడు లెక్కల్లో సున్నా తెచ్చుకున్నాడని చెప్పేది. (ఆ మనవడు ఎలా తలెత్తుకుని బడికి వెళ్లాడో పాపం.) నాకు జలుబు చేస్తే మిరియాల కషాయం ఎలా కాచుకోవాలో లైవులో చెప్పింది. మరుసటి రోజు ఇంకెవరో ఫోన్ చేసి, "కొర్లగుంట పెద్దమ్మ సెప్పిన కసాయం తాగినావా అన్నా?" అని అడిగారు. ఆ ఇంట్లోకి ఒక్కసారి కూడా నేను అడుగుపెట్టలేదు గానీ, అందులో ఎవరెవరు ఎక్కడెక్కడ కూర్చుంటారో నాకు తెలుసనిపించేది.

లైవు అంటే అంతే మరి. స్టూడియోకి ఒక చిన్న కిటికీ ఉండేది. కొండ మీద మబ్బు పడితే "మబ్బు పట్టిందబ్బా, మేడ మీద వడియాలు తీసేయండి" అనేవాణ్ణి. ఘాట్ రోడ్డులో రాళ్లు పడి బస్సులు ఆగితే, తిరుమల బస్సు నడిపే డ్రైవరన్న పైనుంచి ఫోన్ చేసి చెప్పేవాడు. అది విని కొండ కింద అలిపిరి దగ్గర జనం టీ తాగి నిదానంగా బయల్దేరేవాళ్లు. నేను గొప్పగా ఏమీ చెయ్యలేదు. ఊరు మాట్లాడుకుంటుంటే మధ్యలో మైకు పట్టుకుని కూర్చున్నాను, అంతే. ఆ మాత్రం దానికే ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. పొద్దున లేస్తూనే మధ్యాహ్నం రెండు ఎప్పుడవుతుందా అని చూసేవాణ్ణి.

ఆ ప్రాణం మీదికి ఒక మెయిల్ వచ్చింది. మా స్టేషన్ మేనేజరును మేమంతా చాటుగా మెయిల్ సారు అనేవాళ్లం. ఆయన ప్రతి వాక్యాన్నీ "మెయిల్ వచ్చినాది" అని మొదలుపెట్టేవాడు. చిత్తూరు మనిషి, మంచివాడు, భయస్తుడు. ఆ రోజు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "మెయిల్ వచ్చినాదబ్బా. చిన్న ఊర్లన్నిటికీ కలిపి మజ్జాన్నం ప్రోగ్రాం ఒకటే సేద్దామని హెడ్డాఫీసు ఆలోచన. హైదరాబాదులో ఒకే మనిషి మాట్లాడితే అన్ని ఊర్లలో వినపడతాది. మన దాన్ని ఉంచాల్నా తీసెయ్యాల్నా అని సూసేదానికి పెద్దసారు వస్తా ఉండాడు." "ఎప్పుడు సార్?" అన్నాను. తేదీ చెప్పాడు. "రేణిగుంటలో ఫ్లైట్ దిగినప్పట్నుంచీ కార్లో మన రేడియోనే వింటాడంట. నీ బతుకు, నా బతుకు ఆ పూటతో తేలిపోతాది. పద్ధతైన కాల్సు రావాల. మర్యాదగా మాట్లాడాల. నవ్వులాట వద్దు" అన్నాడు. సరేనని తలూపాను. ఇద్దరం ఆ తేదీని కాగితం మీద రాసుకున్నాం, తలుచుకుని తలుచుకుని నిద్ర పాడుచేసుకున్నాం. ఆ తేదీన ఊళ్లో ఏముందో మాత్రం ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఇతర జిల్లాల పాఠకుల కోసం ఇక్కడ కొంచెం ఆగాలి. వేసవిలో తిరుపతిలో గంగమ్మ జాతర జరుగుతుంది. చాటింపు వేశాక ఊరివాళ్లు పొలిమేర దాటి రాత్రి నిద్ర చెయ్యరు. రోజుకొక వేషం కట్టి అమ్మవారికి మొక్కు తీర్చుకుంటారు. అందులో బండ వేషం అని ఒక రోజుంది. ఒళ్లంతా కుంకుమ పూసుకుని, పూలదండలు చుట్టుకుని, పిల్లా పెద్దా వీధుల్లోకి వచ్చి, ఎదురుపడిన వాళ్లను నోరారా తిడతారు. అమ్మకు తిట్లంటే ఇష్టం. తిట్టించుకున్న వాడికి ఆ ఏడు దిష్టీ రోగమూ అంటవని మావాళ్ల నమ్మకం. అందుకే తిట్టిన వాడికి దండం పెట్టి మరీ ముందుకు వెళతారు. ఎవరూ తిట్టకపోతే, నా మీద ఎవరికీ ప్రేమ లేదా అని చిన్నబుచ్చుకునే పెద్దమనుషులు నాకు తెలుసు. పెద్దసారు వచ్చే తేదీ సరిగ్గా బండ వేషం రోజు. అది మాకు ఎంత మామూలు సంగతంటే, పెద్దసారు వస్తున్నాడన్న భయంలో గుర్తే రాలేదు, కొత్తమనిషికి దాన్ని ముందుగా చెప్పి పెట్టనూ లేదు.

రెండు గంటలకు మైకు తెరిచాను. ఎంతో మర్యాదగా, కాస్త పంటినొప్పితో, "శ్రోతలందరికీ నమస్కారం" అన్నాను. మొదటి కాల్ కొత్తవీధి టైలరన్నది. "ఏమిరా పాసిమొగమోడా, నీ గొంతు బొంగురుపోను, పొద్దన్నుంచి కాసుకోనుంటే ఇప్పుడా వచ్చేది?" అన్నాడు ఆప్యాయంగా. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఈ రోజు ఏమిటో. భయపడాల్సింది పోయి, కడుపు నిండినట్టయింది. ఎంత గుర్తుపెట్టుకుని ఫోన్ చేశాడు! "చాలా సంతోషం అన్నా, చల్లగా ఉండు" అన్నాను. ఆ తరువాత ఆగలేదు. మెకానిక్ షెడ్డు కుర్రాళ్లు గుంపుగా తిట్టారు. ఒక టీచరమ్మ అచ్చ తెలుగులో, ఒత్తులన్నీ సరిగ్గా పలుకుతూ తిట్టింది. బస్సు డ్రైవరన్న కొండ మీద నుంచి, దేవుడి సన్నిధిలో తిట్టకూడదని, కిందికి దిగాక తిడతానని మాటిచ్చాడు. (మాట నిలబెట్టుకున్నాడు కూడా.) ఒకటి మాత్రం చెప్పాలి. ఇది రేడియో అని అందరికీ తెలుసు. అసలైన బండబూతులు ఇంట్లోనే పెట్టి, నలుగురిలో చెల్లే తిట్లు మాత్రం ఏరి తెచ్చారు. ప్రతి తిట్టుకూ నేను "సంతోషం అమ్మా", "ఇంకొకటి తగలనీ అన్నా" అంటూ వినయంగా అందుకుంటున్నాను.

ఇదంతా రేణిగుంట రోడ్డు మీద ఒక కార్లో వినిపిస్తోంది. ఆ కారు నడిపినవాడు మన ఊరివాడే. అతను తరువాత చెప్పిన ప్రకారం, పెద్దసారు మొదటి తిట్టుకు ఉలిక్కిపడ్డాడు. రెండో తిట్టుకు వాల్యూమ్ తగ్గించాడు. మూడో తిట్టుకు పెంచాడు. నాలుగోదానికి, "ఈ అబ్బాయి ఊళ్లో ఏం చేశాడు?" అని డ్రైవరును మెల్లగా అడిగాడు. డ్రైవరు గర్వంగా, "ఏమీ సెయ్యలేదు సార్. మంచోడు. అందుకే ఇంతమంది తిడతా ఉండారు" అని చెప్పాడు. ఆ జవాబు విన్నాక ఆయన వాల్యూమ్ ఇంకాస్త పెంచాడట.

స్టూడియో అద్దం అవతల ఆయన ముఖం కనిపించినప్పుడు నేను ఒక కుంకుమ అంగడి యజమాని చేత తిట్లు తింటున్నాను. పక్కన మెయిల్ సారు ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. పాట వేసి బయటికి వచ్చాను. పెద్దసారు కోప్పడలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. జాలిగా నా భుజం మీద చెయ్యి వేసి, "వీళ్లకు నీ మీద ఇంత ద్వేషం ఎందుకు?" అన్నాడు. "ద్వేషం కాదు సార్, ప్రేమ" అన్నాడు మెయిల్ సారు. "ప్రేమా?" "అవును సార్. ఇంకా శానా ప్రేమున్నోళ్లు లైన్లో కాసుకోనుండారు సార్." పెద్దసారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఈ ఊళ్లో ఎండ దెబ్బ ఇలా కూడా ఉంటుందా అని ఆయన అనుకున్నట్టు ముఖమే చెప్పింది. ఇద్దరం ఒకేసారి గంగమ్మ సంగతి, వేషాల సంగతి గబగబా చెప్పడం మొదలుపెట్టాం. ఎంత చెబితే అంత పిచ్చివాళ్లలా కనబడుతున్నామని నాకే తెలుస్తోంది. ఈలోగా పాట అయిపోవచ్చింది. ఫోన్ దీపం వెలుగుతోంది. "కొర్లగుంట పెద్దమ్మ లైన్లో ఉంది" అన్నాను. పెద్దసారు ఏమనుకున్నాడో, నా వెంటే లోపలికి వచ్చి రెండో కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు.

పెద్దమ్మ తన బాకీ తీర్చుకుంది. ముందు నన్ను, నా నిద్రమొహాన్ని, నా పెళ్లికాని బతుకును వరసగా కడిగింది. పూలు కట్టిన చెయ్యి కదా, తిట్టు పక్కన తిట్టు సందు లేకుండా పడింది. నేను దండం పెట్టేశాను, ఫోన్లో కనబడదని మరిచిపోయి. అప్పుడు పక్కనుంచి పెద్దసారు ఆగలేక, "అమ్మా, ఎందుకండీ పాపం..." అన్నాడు. "ఎవురబ్బా అది, కొత్త గొంతు?" అంది పెద్దమ్మ. "హైదరాబాదు నుంచి మా పెద్దసారు వచ్చినాడు పెద్దమ్మా" అన్నాను. "ఏమి నాయనా, ఎప్పుడొచ్చినావు? తిన్నావా?" ఆయన తడబడి, "ఇంకా లేదమ్మా" అన్నాడు. "అంతదూరం నుంచి పండగనాడు వచ్చి ఒట్టి కడుపుతో కూసున్నావా? ఎవురూ తిట్టను గూడా లేదా నిన్ను? అయ్యో!" అని నిజంగా బాధపడి, గొంతు సవరించుకుని అందుకుంది. "ఒరే తెల్లసొక్కా తిమ్మన్నా, నీ బూట్లలో జెర్రి దూర, నీ కుర్సీకి నల్లి బట్ట, అన్నం యాళకు అన్నం తినని ఎండుబెండకాయ మొగమోడా..." (చొక్కా తెలుపని ఆవిడకు ఎలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు. పెద్దసార్లందరివీ తెల్లచొక్కాలే అనుకుని ఉంటుంది.) వెనకనుంచి కోడలు, "అత్తా, ఆయప్ప పెద్దాఫీసరంట, మెల్లిగా" అంటోంది. "పెద్దాఫీసరైతే? దిష్టి ఇంకా ఎక్కువ తగల్తాది" అని పెద్దమ్మ ఇంకో రెండు చుట్లు చుట్టింది.

నేను కళ్లు మూసుకున్నాను. నా ఉద్యోగం తిరుమల కొండ మీద నుంచి కిందికి దొర్లుతున్న శబ్దం వినిపించింది. తెరిచి చూస్తే పెద్దసారు నవ్వుతున్నాడు. మొదట భుజాలు కదిలాయి, తరువాత మనిషంతా కదిలాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మైకు ముందే, ఊరంతా వింటుండగా, "మా నాయనమ్మ ఇలాగే తిట్టేదమ్మా. ఆవిడ పోయాక నన్నెవరూ తిట్టలేదు" అన్నాడు. "అందుకే అట్ల ఎండిపోయినావు. ఏటేటా రా నాయనా, నేనుండానుగదా" అంది పెద్దమ్మ. ఆ పూట ఐదు దాకా ఆయన కుర్చీ దిగలేదు. ఊరు ఆయన్ను కూడా తిట్టింది. సాయంత్రం వీధిలోకి తీసుకెళితే, కుంకుమ పూసుకున్న చిన్నపిల్లాడి ముందు తల వంచి మరీ తిట్టించుకున్నాడు. మెయిల్ సారు చాటుగా నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "గెలిసినాం అబ్బా" అన్నాడు. గెలిచామనే నేనూ అనుకున్నాను. పెద్దసారు కారు ఎక్కుతూ, "అద్భుతమయ్యా. ఇలాంటిది ఏ ఊళ్లోనూ లేదు. అంతా రికార్డయింది కదా? జాగ్రత్తగా దాచండి. ఇక ప్రతి ఏడూ ఈ రోజు దీన్నే వేద్దాం" అన్నాడు. సంతోషంలో ఉన్నవాడికి మాటలు సరిగా వినపడవు. ఆ ఆఖరి మాట అర్థం నాకు బోధపడటానికి కొన్ని నెలలు పట్టింది.

ఆయన చెడ్డవాడు కాదు. ఇది నేను ఎన్నోసార్లు ఆలోచించాను. మా ఊరి మాట ఆయనకు నిజంగానే నచ్చింది. నచ్చిన దాన్ని ఆవకాయలా జాడీలో పెట్టి మూత బిగించడమే ఆయనకు తెలిసిన పద్ధతి. వానాకాలం వచ్చేసరికి మధ్యాహ్నం ప్రోగ్రాం హైదరాబాదుకు వెళ్లిపోయింది. మంచి గొంతున్న ఒకమ్మాయి అక్కడ కూర్చుని ముందురోజే మాట్లాడి పెట్టేది. మా ఊరికి మాట్లాడినప్పుడు మా ఊరి పేరు, పక్క ఊరికి పక్క ఊరి పేరు. స్వర్ణముఖి నది పొంగి, ఇంట్లోంచి బయటికి కాలు పెట్టలేని రోజున, "హాయ్ తిరుపతీ, ఈ చక్కని సాయంత్రం ఎక్కడికి షికారు వెళుతున్నారు?" అని అడిగింది. ఆ అమ్మాయి తప్పు లేదు, ఆమె కిటికీలోంచి మా కొండ కనబడదు కదా. నన్ను ఉద్యోగంలోంచి తీసేయలేదు. చీరల అంగళ్ల చుట్టూ తిరిగి ప్రకటనలు తెచ్చే పనిలో పెట్టారు. కొంతకాలం ఖాళీ స్టూడియోలో ఫోన్ మోగుతూ ఉండేది. ఎత్తి, "ఇప్పుడు ఈడ ఎవురూ మాట్లాడరన్నా" అని చెప్పడం కష్టంగా ఉండి, ఎత్తడం మానేశాను. అప్పుడు మోగడం కూడా మానేసింది. నాకు బాధగా ఉండేది. ఎవరితోనూ అనలేదు.

మళ్లీ వేసవి వచ్చింది, చాటింపు వేశారు. బండ వేషం రోజు మధ్యాహ్నం ఆఫీసులో నేను ఒక్కణ్ణే ఉన్నాను, ఎండలో అంగళ్లకు వెళ్లే ఓపిక లేక. గోడ మీది స్పీకర్లో పోయినేటి రికార్డు వస్తోంది. టైలరన్న తిట్టాడు, టీచరమ్మ తిట్టింది, పోయినేటి నేను వినయంగా సంతోషమన్నాను. నా గొంతు నేనే వింటుంటే, ఎవడో నాకంటే సుఖపడ్డవాడి గొంతులా ఉంది. పెద్దమ్మ వంతు వచ్చింది. నాకు తెలియకుండానే కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. పెద్దసారు నవ్వాడు. "ఏటేటా రా నాయనా, నేనుండానుగదా" అంది పెద్దమ్మ. ఆ మాట అయిన కాసేపటికి స్టూడియోలో ఫోన్ మోగింది. ఎన్నాళ్లకో మోగింది కదా, పరుగెత్తి ఎత్తాను.

ఈసారి వెనకనుంచి కాదు, ముందు నుంచే వినిపించింది కోడలి గొంతు. "రేడియో అన్నా, నువ్వేనా?" "నేనే అమ్మా. పెద్దమ్మ ఎట్లుండాది?" అన్నాను సంబరంగా. "నీకు తెలీదా? అత్త కార్తీకంలో పాయె గదన్నా" అంది. లైవు రోజుల్లో అయితే ఆ ఇంట్లో పాలు విరిగినా నాకు తెలిసేది. మనిషి పోయి ఒక చలికాలం గడిచింది, ఊళ్లో ఉండి నాకు తెలియలేదు. స్పీకర్లో అప్పటికే ఇంకెవరో తిడుతున్నారు, ఇంకొక నేను నవ్వుతున్నాను. "అయ్యో, తెలీకుండా ఏసేసినారమ్మా ఆ రికార్డు. ఏమీ అనుకోవద్దండి" అన్నాను. "అనుకునేదేముంది? ఇంట్లో అందరం రేడియో సుట్టూ కూసోనుండాం. అత్త గొంతు వినపడినాది. సల్లగా ఉన్నింది" అని ఆగి, నెమ్మదిగా అంది. "అయితే అత్త నిన్ను తిట్టె, ఆ పెద్దసారును తిట్టె. మమ్మల్ని తిట్టలేదు గదన్నా. పోయినేడు ఫోన్ పెట్టేసినాక మమ్మల్ని ఒక్కొక్కర్నీ కూసోబెట్టి తిట్టింది. అది రికార్డులో ల్యా. ఈ ఏడు ఇంట్లో మమ్మల్ని తిట్టే పెద్దదిక్కు ల్యా. నువ్వు తిట్టన్నా. స్పీకర్లో పెడతా, అందరం వింటాం."

ఎన్నో వందల తిట్లు తిన్నాను గానీ, నాకు తిట్టడం రాదు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే తిట్లు ఎక్కడినుంచి వస్తాయి? అవతల నలుగురైదుగురు ఊపిరి బిగపట్టి కాచుకున్న చప్పుడు వినబడుతోంది. నా ఎదుట ఆరిపోయిన మైకు, నల్లటి అద్దం. "ఒరే లెక్కల్లో సున్నా వచ్చినోడా, ఉండావా?" అన్నాను చివరికి. "ఉండా" అన్నాడు మనవడు, గొంతు మారుతున్న వయసు. "నీ నోట్లో మన్ను బడ" అని మొదలుపెట్టాను. అక్కడినుంచి ఎలా వచ్చాయో వచ్చాయి. మనవడి బద్ధకాన్ని, కొడుకు మొండితనాన్ని, కోడలి నొప్పెట్టే చేతిని, ఎవర్నీ వదల్లేదు. వాళ్ల ఇంటి గుట్లన్నీ పెద్దమ్మ నాకు లైవులో చెప్పినవే కదా. మొదట ఎవరో ముక్కు చీదారు. తరువాత ఎవరో నవ్వారు. తరువాత ఇల్లంతా నవ్వింది, ఏడుపు కలిసిన నవ్వు. నాకు ఆయాసం వచ్చి ఆగితే, "సంతోషం అన్నా, సల్లగా ఉండు" అంది కోడలు. ఇన్నేళ్లలో నేను చేసిన ప్రోగ్రాములన్నిట్లో ఏది బాగా వచ్చిందని ఎవరైనా అడిగితే, అదేనంటాను. ఒక్క ఇల్లు విన్నది దాన్ని.

ఆ తరువాత కొన్నాళ్లకు ఆ ఉద్యోగం మానేశాను. ఇప్పుడు నాయన తోట నేనే చూసుకుంటూ, గుజ్జు ఫ్యాక్టరీకి కాయలు తోలుతున్నాను. ("ఇప్పుడు నోరు మూసుకోని సేసే పని దొరికినాది నీకు" అని నాయన తృప్తి పడ్డాడు.) మెయిల్ సారు చెన్నైలో ఉన్నాడు. పెద్దసారు ఎక్కడున్నాడో తెలియదు, ఎవరైనా తిడుతున్నారో లేదో. కొర్లగుంట నుంచి మాత్రం ఏటా బండ వేషం రోజు మధ్యాహ్నం నాకు ఫోన్ వస్తుంది. మామిడిచెట్టు కింద మంచం వేసుకుని, గొంతు సవరించుకుని వాళ్లను తిడతాను. పెళ్లయిన మొదటి ఏడాది మా ఆవిడ పరుగెత్తుకుని వచ్చి, ఎవరితో గొడవ పెట్టుకున్నానో అని హడలిపోయింది. ఇప్పుడు అలవాటై, నీళ్ల చెంబు పక్కన పెట్టి పోతుంది. మనవడికి పెళ్లయింది, వాళ్ల ఆవిడ పేరు కూడా నా తిట్లలో చేరింది. నా రేడియో గొంతు ఇంకా అలాగే ఉందని లోలోపల నాకు కొంచెం గర్వం ఉండేది. పోయినేడు మంచి ఊపులో తిడుతుండగా కోడలు మధ్యలో ఆపింది. "ఏమనుకోవాకన్నా. మూడేండ్లుగా ఇవే తిడతా ఉండావు. రికార్డు ఏసినట్లుండాది. కొత్తవి తిట్టు" అంది. ఇల్లంతా నవ్వింది. నేను ఫోన్ పట్టుకుని, నెత్తిమీది కాయల వంక చూస్తూ, కొత్త తిట్టు కోసం చాలాసేపు వెతుక్కున్నాను.